వాగు ఒడ్డున ఆడబిడ్డ

అత్-బాషీ,
మే నెల, మంచు కరిగాక

మరదలు పిల్ల బురుల్‌కి,

మీ వదిన ఊల్కాన్ రాస్తున్నది. నీ పేరు ఈ ఇంట్లో ఎత్తకూడదని మీ అన్న ఆన పెట్టాడు. ఎత్తకూడదన్నాడు గానీ రాయకూడదనలేదు. నేను మాట తప్పే మనిషిని కాదు గనక నోరు మూసుకుని రాస్తున్నాను.

మేమంతా బాగున్నాం. గొర్రెలు బాగానే ఈనాయి. పొయ్యి గొట్టం చలికాలంలో పగిలింది, మీ అన్న రేకు చుట్టి కట్టాడు, ఇంకా పొగే.

ఇక అసలు సంగతి. ఉన్ని తివాచీలు ఎక్కించుకుపోయే లారీ డ్రైవరు ఎముకలు కొరికే చలిలో ఒక వార్త తెచ్చాడు. నిన్ను ఒక ఇనుప తొట్టిలో ముంచి లేపారట, అప్పటినుంచి నువ్వు ఈసా మనిషివైపోయావట, క్రైస్తవుల్లో కలిశావట. ఆ రోజు మీ అన్న అన్నం ముట్టలేదు. అప్పటికి మామగారిని మట్టిలో పెట్టి మూడు నెలలైనా కాలేదు. ఆ ఖననం రోజు నువ్వు పెట్టిన శోకానికి కొండ అవతలివాళ్ళు కూడా ఏడ్చారు. అలాంటి కూతురు ఇలా చేసిందేమిటని ఊరంతా ఒకటే మాట.

ఒక్కొక్కరిది ఒక్కొక్క కథ. నీకు పిండి బస్తాలు ఇచ్చారని కాలిపా అవ్వ. నీకు మందు పెట్టారని ముల్లా. నువ్వు రష్యన్ల మనిషివయ్యావని ఊరి కుర్రకారు. మీ అన్న మేదెర్ గోడకేసి చూస్తాడు. నేను ఎవరిని నమ్మను? అందుకే నిన్నే అడుగుతున్నాను. ఎందుకు ముంచారు? మురికి పట్టిందనా? అంత చలిలో ముంచకపోతే ఆ దేవుడు ఒప్పుకోడా? మునిగి లేచాక నీకు లోపల ఏమైనా మారినట్టు తెలిసిందా, లేక పళ్ళు గిటకరించడమేనా?

నాకు కోపం లేదు. ఉండాలేమో అని వెతికి చూసుకున్నాను, దొరకలేదు. తెలుసుకోవాలన్న దురద మాత్రం దండిగా ఉంది.

మామగారి ఏడాది విందు సెప్టెంబరులో. బూడిదరంగు ఆడగుర్రాన్ని కొయ్యాలని అనుకున్నాం.

నీ వదిన,
ఊల్కాన్


కోచ్‌కోర్,
జూన్

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం లారీ డ్రైవరు ఇచ్చినప్పుడు చేతులనిండా తడి ఉన్ని. తుడుచుకోకుండానే విప్పాను. అందుకే ఒక మూల సిరా కారిపోయింది, అయినా నీ మాటే గదా, కారినచోట కూడా అర్థమైంది.

ముంచింది స్నానాలగదిలోని ఇనుప తొట్టిలో. మురికికి కాదు. పాత బురుల్ చచ్చిందనీ, కొత్తది లేచిందనీ గుర్తుకు. పళ్ళు గిటకరించిన మాట నిజం. లేవగానే ఎవరో దుప్పటి కప్పారు, వెన్న వేసిన టీ ఇచ్చారు. లోపల ఏమైందని అడిగావు. చెబుతాను, నవ్వకు.

తాలాయ్ పోయాక నేనెలా బతికానో నువ్వు చూడలేదు. తాగి, రాత్రివేళ వంతెన దాటబోయి నదిలో పడ్డ మనిషి నెమ్మదిగా పడుకోడనీ, పెళ్ళాన్ని లాక్కుపోవాలని చూస్తుంటాడనీ సోదె చెప్పే ఆవిడ చెప్పింది. ప్రతి గురువారం నూనె కాచి రొట్టెలు వేయించి ఆ వాసన ఆయనకు పంపేదాన్ని. ఒక వారం నూనె దొరక్కపోతే వారమంతా నిద్ర లేదు. చేతికి దారాలు, మెడకు తాయెత్తులు, తలుపుకు ముళ్ళకొమ్మ. పొద్దు వాలితే గడప దాటేదాన్ని కాదు. మొగుడు పోయాక భయమే నా మొగుడై కూర్చుంది వదినా. తాలాయ్ కనీసం అప్పుడప్పుడు ఊరెళ్ళేవాడు, ఇది కదిలేది కాదు.

మా తివాచీల పనిలో బాత్మా అని ఒకామె ఉంది. తివాచీ గట్టిపడేలా ఇద్దరం ఒకే చాపమీద తడి ఉన్ని తొక్కుతాం. ఒకరోజు ఆమె నా మెడ చూసి, "ఇన్ని తాళ్ళు కట్టుకున్నావు, ఏ కొయ్యకి నిన్ను కట్టేశారే?" అంది. ఆదివారం తనతో తీసుకెళ్ళింది. ఎవరింట్లోనో పదిమంది కూర్చుని గ్రంథం చదువుతున్నారు. ఆ రోజు చదివింది ఈసా మాట: ఇంటి కొడుకు విడిపిస్తే ఆ విడుదల నిజమైనదనీ, మళ్ళీ ఎవరూ వాణ్ణి బానిస అనలేరనీ. నేను అక్కడే కత్తెర అడిగాను. దారాలు, తాయెత్తులు కోసేశాను. ఇంటికొచ్చి పడుకున్నాను. తెల్లారేదాకా మెలకువ రాలేదు. అంతే వదినా, నాకు జరిగింది. పిండి బస్తా ఎవరూ ఇవ్వలేదు.

మా కూటానికి పెద్ద సాతర్ అన్న. బస్సు అడ్డా దగ్గర టైర్లు బాగుచేస్తాడు. చాలా నిష్ఠగల మనిషి. ఆయన నేర్పినట్టు ఇప్పుడు నేను శుద్ధంగా బతుకుతున్నాను. చచ్చినవాళ్ళ విందుల్లో మాంసం ముట్టను. శోకాలు పెట్టను, అది నమ్మకం లేనివాళ్ళ పని. పులిసిన గుర్రంపాలు తాగను. పెళ్ళిళ్ళలో పాట పాడను. ముల్లా చదివేచోట కూర్చోను. తలగుడ్డ నుదుటిదాకా కడతాను. ఇదంతా స్వేచ్ఛ వదినా, నీకెలా చెప్పాలో తెలియడం లేదు.

అన్నయ్య అన్నం తింటున్నాడా?

నీ
బురుల్


కొండమీది మేతబయలు,
జూలై

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకు ఉన్న మొగుడు గోడను చూస్తున్నాడు గనక ఆ మిగతా సగానికి రాస్తున్నాను.

అన్నం తింటున్నాడు. అన్నానికేం.

నీ ఉత్తరం గుర్రాలకు పాలు పితికే మధ్యలో చదువుతూ వచ్చాను. తాలాయ్ సంగతి చదివి నాకు ఏడుపొచ్చింది. అంత భయంలో ఒక్కదానివి ఉంటే మేమెవ్వరం చూడలేదు. నీ మెడమీది తాళ్ళు కోసినవాడెవడైనా సరే, వాడికి నా దండం. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

తర్వాత రెండో పేజీకి వచ్చాను. మాంసం ముట్టను, శోకం పెట్టను, పాలు తాగను, పాట పాడను, కూర్చోను, నిలబడను. చేతివేళ్ళు చాలక కాలివేళ్ళు కూడా వాడుకున్నాను. పిల్లా, నన్ను తప్పుగా అనుకోకు, మా అత్తగారు, అంటే మీ అమ్మ, దేవుడు ఆమెను చల్లగా చూడాలి, కొత్తకోడలికి పెట్టిన ఆంక్షలు కూడా ఇన్ని లేవు. అవి పెట్టినప్పుడు ఆమె వాటిని స్వేచ్ఛ అనలేదు పాపం. తాళ్ళు కోసుకున్నానని మొదటి పేజీలో రాశావు. రెండో పేజీలో వీటిని ఏమంటారు?

ఎగతాళికి కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఈసా మాకూ ప్రవక్తే గదా. ఆయన రోగుల్ని బాగుచేశాడనీ, మట్టిపిట్టకు ప్రాణం పోశాడనీ మా తాత చెప్పేవాడు. గుర్రంపాలు తాగొద్దన్నాడని మాత్రం చెప్పలేదు. ఈ కట్టడి ఆయనదా, సాతర్‌దా? ఆయన విందులకు పోయేవాడు కాదా? పోతే ఎవరి పక్కన కూర్చునేవాడు? మీ గ్రంథం నీ దగ్గరే ఉంది గదా, చూసి చెప్పు. నాకు తెలుసుకోవాలనుంది. ఇక్కడ పాలు పితికేవాళ్ళను అడిగితే పిచ్చిదానిలా చూస్తున్నారు.

ఇంకొక మాట, ఇది నీకు నచ్చదు. విందుకు నువ్వు రావడం గురించి మీ అన్నను కదిపాను. పేరెత్తలేదు, "నీ చెల్లెలు" అన్నాను. చివరికి, "పదిమందిలో కలిమా చదివి మళ్ళీ మన మతంలోకి వస్తే రమ్మను. లేకపోతే నాన్న విందు కూతురు లేకుండానే అవుతుంది" అన్నాడు.

మరి విందు గుడారంలో శోకం ఎవరు పెట్టాలి? నేను పెడతాను, నాకు గొంతుంది. కానీ కోడలి ఏడుపు కోడలి ఏడుపే. ఆ తేడా చెవిటివాడికి కూడా తెలుస్తుంది.

ఊల్కాన్


కోచ్‌కోర్,
ఆగస్టు చివర

వదినా,

ఇన్నాళ్ళూ రాయలేదు. మొదట కోపమొచ్చి రాయలేదు. నీ ఉత్తరం చింపేద్దామనుకుని మడిచి టీ కాచే సమోవార్ కింద పెట్టాను. తర్వాత నువ్వు అడిగిందానికి జవాబు చూపించి నీ నోరు మూయిద్దామని గ్రంథం తీశాను. అప్పటినుంచి జవాబు దొరక్క రాయలేదు.

ఆయన విందులకు పోయేవాడు వదినా. పోవడమా, తిండిపోతనీ తాగుబోతనీ పేరు తెచ్చుకున్నాడు. నిష్ఠగలవాళ్ళు తమ పక్కన కూర్చోనివ్వని మనుషుల పక్కనే కూర్చునేవాడు. ఇవన్నీ నేను ముందే విన్నాను, కానీ నా కోసం రాసినట్టు వినలేదు.

ఆయన శిష్యులు రాసిన ఉత్తరాలు కూడా ఉన్నాయి మా గ్రంథంలో. ఒకాయనవి అచ్చం నీ ఉత్తరాల్లాగే ఉంటాయి, సగం ప్రేమ, సగం తిట్లు. సంతలో అమ్మే మాంసం తినండి, ఎవరైనా పిలిస్తే వెళ్ళి పెట్టింది తినండి, ఎవరి పేర కోశారని ఆరా తీయకండి అంటాడు. నెమ్మదించి చదివితే, నువ్వు తినడం చూసి బలహీనుడు ఎవడైనా తడబడితే మానేయమంటాడు. ఇంకో ఊరివాళ్ళను, విడిపించిన మెడలు మళ్ళీ కాడికిందికి తీసుకుపోతున్నారా అని చీవాట్లు పెడతాడు. తాను ఎవరి బానిసా కాదట, అందుకే అందరికీ పనివాడు కాగలిగాడట. ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. బానిస కాకపోతే పనివాడెందుకు అవుతాడు? ఉన్ని తొక్కుతూ అదే ఆలోచన. బాత్మా నా అడుగు తప్పుతోందని కసిరింది.

నాన్న విందుకు వెళ్ళొచ్చా అని సాతర్ అన్నను అడిగాను. ఆయన టైరులో గాలి నింపుతున్నాడు, తల ఎత్తలేదు. "ఇవాళ విందు అంటావు, రేపు ఆత్మలకు నూనె కాస్తావు. కంచె తీసేస్తే గొర్రె ఎక్కడికి పోతుందో నాకు తెలుసు" అన్నాడు. నేను గొర్రెను కానన్నాను. ఆయనకు నచ్చలేదు. విందుకు వెళితే, శోకం పెడితే, ప్రభువు బల్ల దగ్గరికి, అంటే కూటంలో రొట్టె పంచుకునేచోటికి, రానవసరం లేదన్నాడు.

కాబట్టి వదినా, నా సంగతి ఇదీ. కలిమా చదివితే రమ్మని అక్కడ. వెళితే రావద్దని ఇక్కడ. నవ్వొచ్చింది. భయం కోసం వెతుక్కున్నాను, నువ్వు కోపం కోసం వెతుక్కున్నట్టు. కొంచెం దొరికింది గానీ మునుపటిది కాదు.

నేను వస్తాను. కలిమా చదవను. చదవనని కేకలూ వేయను. గుడారంలోకి పిలవకపోతే రాను. మీ అందరికీ ఇష్టం లేని పని ఏదుందో అది నాకు వదిలిపెట్టు. గొడ్డు పేగులు కడిగే పనికి ఎప్పుడూ మనుషులు చాలరు గదా.

బురుల్


అత్-బాషీ,
సెప్టెంబరు

బురుల్,

రావద్దు. కనుమ దారిలో రోడ్డు తెగింది, బస్సులు సరిగా నడవడం లేదంటున్నారు. చలి కూడా ముందే వచ్చింది. వచ్చే ఏడాది సమాధి చూసిపోవచ్చు.

ఇంకేమీ అడగకు.

ఊల్కాన్


అత్-బాషీ,
అక్టోబరు

ఆడబిడ్డా,

రోడ్డు తెగలేదు. నువ్వు ఎక్కిన బస్సే సాక్ష్యం. నువ్వు ఎలాగూ ఆ మాట నమ్మవని నాకు తెలుసు, అయినా రాశాను. మీ అన్న నా పక్కన నిలబడి రాయించాడు. మీ ఇద్దరి మధ్య నలిగే మెడ ఒకటుందని కూడా ఆ గ్రంథంలో ఎక్కడైనా ఉందేమో చూడు.

విషయం ఏమిటంటే, నువ్వు గడప తొక్కితే తాను చదవనని ముల్లా చెప్పాడు. ఆయన చదవకపోతే పెద్దలు తినరు. పెద్దలు తినకపోతే మామగారి విందు, విందు కాకుండా పోతుంది. మీ అన్న రాత్రింబవళ్ళు ఇదే నమిలాడు. అతను నిన్ను చూడలేక రావద్దనలేదు బురుల్. నిన్ను అందరి ముందూ బయటికి పొమ్మనాల్సి వస్తుందని భయపడి రావద్దన్నాడు.

నువ్వేమో ఇంటికి రానేలేదు. బస్సు దిగి తిన్నగా పేగులు కడిగే వాగు దగ్గరికి పోయావట. ఆ సంగతి నాకు కాలిపా అవ్వ వచ్చి చెప్పింది. "మీ ఆడబిడ్డ వచ్చింది. ఏడవడానికొచ్చావా, పనికొచ్చావా అని అడిగితే పనికన్నది. గుర్రం పొట్ట దాని ఒళ్ళో పడేశాను" అంది. అక్కడ కడుగుతున్న కోడళ్ళు తమ పని తాము చేసుకున్నారట. నేను పరిగెత్తుకుని వద్దామనుకున్నాను. పొయ్యిమీద పెద్ద బాణలి, ఎదురుగా మీ అన్న. రాలేకపోయాను.

గుడారంలో జరిగింది నువ్వు చూడలేదు, రాస్తాను.

పొద్దెక్కేసరికి మనుషులు గుర్రాలమీద వస్తున్నారు. నేను గోడవైపు తిరిగి కూర్చుని శోకం పెడుతున్నాను. పెట్టిందే పెడుతున్నాను. అప్పుడు వచ్చాడు జుమాబాయ్, కనుమ అవతలినుంచి. మామగారు ఒరోజూ ఆయనా చిన్నప్పటినుంచి ఒక జీనుమీద తిరిగినవాళ్ళు. గుడారం ముందు గుర్రం ఆపి చెవి ఒగ్గాడు. దిగడే. మీ అన్న కళ్ళెం పట్టుకోబోతే గుర్రాన్ని వెనక్కి తీశాడు.

"ఒరోజ్‌కి కూతురు లేదా?" అన్నాడు. "దాని పెళ్ళికి వచ్చి కడుపునిండా తిన్నానే. అది చచ్చిందా?"

జనం అంతా వింటున్నారు. ముల్లా కల్పించుకుని, ఆ పిల్ల వేరే దారి పట్టిందని నెమ్మదిగా చెప్పాడు. జుమాబాయ్, "దారి సంగతి నేనడగలేదు. ఏడ్చేది ఎక్కడా అంటున్నాను. అది ఏడ్చేదాకా నేను ఈ జీను దిగను" అన్నాడు. ఆ వయసులో, ఆ కీళ్ళతో, కనుమ దాటి వచ్చిన మనిషి.

అప్పుడు మీ అన్న వెనక్కి తిరిగి వాగువైపు నడిచాడు. మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అతను చెప్పడు. అడిగితే మళ్ళీ గోడ. నువ్వు చెప్పు.

నువ్వు గుడారంలోకి వచ్చినప్పుడు నీ చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి, పేడ కంపు. నా పక్కన కూర్చున్నావు. నేను జరిగాను. నువ్వు ఎత్తుకున్న మాటలు నాకింకా చెవిలోనే ఉన్నాయి.

తలుపు తోసేముందు దగ్గేవాడివి నాన్నా,
ఇంట్లో కోడలుందని దగ్గేవాడివి.
బెదిరిన గుర్రప్పిల్లని కొట్టేవాడివి కాదు,
దాని ఊపిరి కుదిరేదాకా పక్కన నిలబడేవాడివి.
నీ దారేదని నేనడగను నాన్నా,
నిన్ను చేసిన చేతుల్లోనే నిన్ను వదిలాను.

ఆ కోడలి మాట దగ్గర నేను నా శోకం ఆపేశాను. నిజంగానే దగ్గేవాడు. పాతికేళ్ళు నాకోసం దగ్గాడు, నేనే మర్చిపోయాను.

బయట ఏం జరిగిందో గుడారపు సందులోంచి చూశాను. జుమాబాయ్ దిగాడు. ముల్లా లేచి నిలబడ్డాడు, వెళ్ళబోతున్నట్టు. జుమాబాయ్ ఆయన చెయ్యి పట్టుకుని, "కూర్చోవయ్యా. చచ్చినవాడి కూతురు ఏడుస్తుంటే మనం లేచిపోతామా?" అన్నాడు. ముల్లా కూడా తండ్రి లేని మనిషే. కూర్చున్నాడు. తర్వాత చదివాడు కూడా. ఆయన చదివినంతసేపూ నువ్వు తల వంచుకునే ఉన్నావు గానీ చివర్లో మా అందరిలా చేతులు ముఖానికి రాసుకోలేదు. నేను చూశాను. నేను అన్నీ చూస్తాను.

చూడలేనిది ఒకటుంది. మీ అన్న కూతురి వంతుగా ఇచ్చే మాంసపు ఎముక పళ్ళెంలో పెట్టి తానే తెచ్చి నీ ముందుంచాడు. అప్పుడే పిల్లలు అడ్డమొచ్చారు, మనుషులు కమ్ముకున్నారు. తిన్నావా, తినలేదా? నాకు నిద్ర పట్టడం లేదు.

ఇంకొకటి. పేగులు కడిగే పని కోడళ్ళది. ఆడబిడ్డ పుట్టింటికొస్తే కాళ్ళు చాపుకుని కూర్చోవాలి, మేం టీ పోయాలి. ఎందుకు చేశావు? మమ్మల్ని సిగ్గుపరచాలనా? కాలిపా అవ్వ అలాగే అనుకుంది. నేను అనుకోలేదు, కానీ మరేమిటో తెలియలేదు.

నువ్వు వెళ్ళిన మర్నాడు పేగుల కూర తింటూ మీ అన్న, "బురుల్ కడిగినవాటిలో ఇసుక లేదు" అన్నాడు. నేను గిన్నె కింద పెట్టేశాను. పేరెత్తానని అతనే గమనించుకోలేదు.

ఊల్కాన్


కోచ్‌కోర్,
నవంబరు

వదినా,

ముందు వాగు సంగతి.

అన్నయ్య వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను చూడలేదు, పక్కనున్న కోడళ్ళు లేచి దూరంగా పోతే తెలిసింది. తర్వాత, "ఒక్క మాట అను. నోటితో అంటే చాలు. లోపల ఏముందో ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు వదినా. బతిమాలుతున్నాడు. అది కోపంకన్నా కష్టం.

"నీకు భయపడి ఉంటే అనేసేదాన్ని అన్నయ్యా. భయం లేదు. అందుకే నీతో అబద్ధం ఆడలేను" అన్నాను.

"భయం లేనిదానివి ఈ కంపులో ఎందుకు కూర్చున్నావు? నిన్నెవరు కూర్చోమన్నారు?"

"ఎవరూ అనలేదు. అందుకే కూర్చున్నాను."

నా చేతుల్లో గుర్రం పేగు, ఆయన బూట్లమీద బురద. ఆ మాట నేనన్నాకే నాకూ అర్థమైంది. గురువారం నూనె కాచినప్పుడు నా చేత భయం చేయించింది. కోచ్‌కోర్‌లో తలగుడ్డ నుదుటిదాకా లాగినప్పుడు సాతర్ అన్న చూపు చేయించింది. ఈ పేగు మాత్రం నేనే కడుగుతున్నాను, నాన్న కోసం, మీ కోసం, చల్లటి నీళ్ళలో, హాయిగా. నువ్వు అడిగిందానికి ఇదే జవాబు. సిగ్గుపరచడానికి కాదు. కాలిపా అవ్వకు చెప్పు, నమ్మకపోయినా ఫరవాలేదు.

అన్నయ్య అప్పుడు అడిగాడు, "శోకం పెడతావా? జుమాబాయ్ మావ దిగడం లేదు."

"మా దగ్గర వద్దన్నారు."

"ఎవరు?"

"అక్కడ కూడా పెద్దలున్నారు అన్నయ్యా."

ఆయన నవ్వాడు. నాన్న పోయాక ఆయన నవ్వు నేను వినలేదు. "ఇక్కడి పెద్దల్ని తప్పించుకుని అక్కడి పెద్దల చేతిలో పడ్డావా? అయితే ఇప్పుడు ఎవరి మాట వింటావు?" అన్నాడు. నాన్నకు ఏడవడానికి ఎవరినీ అడగనన్నాను. చేతులు కడుక్కోబోతే, "పద, వాళ్ళు చూడనీ" అన్నాడు. అందుకే నీ పక్కన కంపు కొట్టాను.

ఇక నీ నిద్ర సంగతి. తిన్నాను. మొత్తం తిన్నాను, ఎముక మూలుగతో సహా. ఎవరి పేర కోశారో, దానిమీద ఏం చదివారో ఆ క్షణంలో తోచలేదు. మా అన్న తన చేత్తో పెట్టాడన్నదే తోచింది.

కానీ నువ్వు మూటకట్టి ఇచ్చిన మాంసం మాత్రం నేను తినలేదు. బాత్మా కోసమని తెచ్చాను. మూట విప్పగానే ఆమె ముఖం పాలిపోయింది. ఆమె పుట్టింట్లో ఆత్మల పేర కోసి, రక్తం నుదుటికి రాసేవారట. ఆ వాసనకే పాత భయం వెన్నులోంచి లేస్తుందట. నన్ను విడిపించిన మనిషి నా మూట చూసి వణుకుతోంది. నేను వెంటనే దాన్ని తీసుకెళ్ళి పక్కింటి ముసలమ్మకు ఇచ్చేసి, చేతులు తోముకుని వచ్చాను. తినగలను గనకే మానుకోవడం కూడా తేలికైంది వదినా. ఇది నాకు కొత్త.

సాతర్ అన్నకు సంగతి తెలిసింది. ఆదివారం కూటంలో నా పేరు చెప్పకుండానే చెప్పాడు. రొట్టె పళ్ళెం వరసలో వచ్చి నా దగ్గర ఆగకుండా పక్కకు పోయింది. ఏడవలేదని చెబితే అబద్ధం. ఇంటికొచ్చి, మానేద్దామా అనుకున్నాను. వేరే ఊళ్ళో వేరే కూటం ఉంది. తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. నన్ను కూర్చోమని ఎవరూ బలవంతపెట్టలేదు, పొమ్మంటే పోయేదాన్ని కూడా కాదు. ఇది స్వేచ్ఛో మొండితనమో నాకే అనుమానం వచ్చింది. మన వంశంలో రెండోది ఎక్కువ గదా. పళ్ళెం అప్పుడు కూడా ఆగలేదు.

మొన్న మంగళవారం ఆయన మా పనిచోటికి వచ్చాడు.

బాత్మా, నేను ఉన్ని పరిచి వేణ్ణీళ్ళు చల్లి తొక్కుతున్నాం. తలుపు దగ్గర నిలబడి లోపలికి రాడు, పోడు. చేతులకు టైర్ల మసి. మందలించడానికి వచ్చాడనుకుని నేను తొక్కుతూనే ఉన్నాను. చాలాసేపటికి, "మీ నాన్నకు ఏం పాడావు?" అన్నాడు.

చెప్పాను. దగ్గడం సంగతి, గుర్రప్పిల్ల సంగతి. ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు.

"ఆరేళ్ళయింది మా అమ్మ పోయి," అన్నాడు. "జుమ్‌గల్‌లో. ఈసా మనిషినని మా అన్నదమ్ములు కర్రలు పట్టుకుని గేటుకు అడ్డం నిలబడ్డారు. కంచె అవతల నిలబడి ఆడవాళ్ళ శోకం విన్నాను. మా చెల్లెలి గొంతు గుర్తుపట్టాను. ఆ ఏడుపు పాపమని ఆ రోజే నిర్ణయించుకున్నాను. పాపమైతే నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు గదా."

విందు సంగతి నేనడిగిననాడు కంచె తీస్తే గొర్రె ఎక్కడికి పోతుందో తనకు తెలుసన్నాడు. ఆయన తన సంగతే చెప్పాడని నాకు అప్పుడు తెలియలేదు.

"శోకం ఎలా మొదలుపెడతారు?" అని అడిగాడు. చిన్నపిల్లవాడు పాఠం అడిగినట్టు.

"ఆవిడ ఏం చేసేదో, అక్కడినుంచి" అన్నాను.

ఆలోచించాడు. "టీ పోసేది. గిన్నె ఎప్పుడూ నింపేది కాదు, సగమే పోసేది. మళ్ళీ మళ్ళీ గిన్నె చాపుతూ తన దగ్గరే కూర్చుంటానని." అంతలోనే తల అడ్డంగా ఊపాడు. "నువ్వు పాడు బురుల్. మగవాళ్ళు పాడకూడదు."

"ఎవరన్నారు?" అంది బాత్మా.

ఆయన ఆమెకేసి చూశాడు. తర్వాత బూట్లు విప్పి లోపలికి వచ్చి, గోడ వారగా, తడి ఉన్నిమీదే కూర్చున్నాడు.

ఈ ఆదివారం పళ్ళెం ఆగుతుందో లేదో నాకు తెలియదు వదినా. ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు. సాతర్ అన్న గొంతు ఏమీ బాగుండదు. మొదటి మాట దగ్గరే పగిలింది. మేం కాళ్ళు ఆపి, ఉన్ని చల్లారిపోయేదాకా విన్నాం.

నీ ఆడబిడ్డ,
బురుల్